పట్టపుటేనుగు చెవి వెనక మర

ఆ ఉదయం తామ్రపురి పెళ్ళికూతురిలా ముస్తాబైంది. ఏడు ప్రాకారాల మీదా ఏడు రంగుల పతాకాలు రెపరెపలాడుతున్నాయి. రాగిరేకులు తాపిన మేడల కప్పులు తొలి ఎండకు నిప్పుకణికల్లా మెరుస్తున్నాయి. రాజవీధుల్లో చందనపు నీళ్ళు చల్లారు, మకరతోరణాలు కట్టారు, గుమ్మం గుమ్మానికీ అరటిబోదెలు నిలిపారు. అయినా నగరంలో ఏదో వెలితి. పొద్దు పొడవగానే కమ్మరివాడ నుంచి వినిపించాల్సిన సమ్మెటల మోత వినిపించడం లేదు. పది రోజులుగా అక్కడ ఒక్క కొలిమీ వెలగలేదు. కొత్త రాజు గద్దెనెక్కేదాకా కొలిమి రాజేసినవాడి చేతులు నరుకుతామని చాటింపు వేశారు.

ఆ చాటింపు వేయించినవాడు కపిలాక్షుడు. ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. సుధర్మ మహారాజు మంచం పట్టినప్పుడు వైద్యుడినంటూ కోటలో అడుగు పెట్టాడు. రాజు కన్నుమూశాక మంత్రులందరి మీదా తానే మంత్రి అయి కూర్చున్నాడు. పిల్లికళ్ళు, భుజాల మీదికి జారే రాగిరంగు జడలు, కుడిచేతి నడిమివేలికి పచ్చరాతి ఉంగరం. అతడు నవ్వగా చూసినవాళ్ళున్నారు గాని, ఆ నవ్వు చూసి ఆ రాత్రి నిద్రపోయినవాళ్ళు లేరు.

రాజుకు బిడ్డలు లేరు. అలాంటప్పుడు ఏం చేయాలో తామ్రగిరి రాజ్యంలో ఒక కట్టుబాటు ఉంది. రాజు పోయిన నలభయ్యో రోజున పట్టపుటేనుగు తొండానికి పూలదండ ఇచ్చి, మావటి లేకుండా, అంకుశం లేకుండా రాజవీధుల కూడలిలోకి వదులుతారు. అది ఎవరి మెడలో దండ వేస్తే వారే రాజు. దండ పడేదాకా ఆ ఏనుగుకు అడ్డు నిలవడానికి గాని, దాని మీద ఆయుధం ఎత్తడానికి గాని ఎవరికీ హక్కు లేదు.

ఆ నలభయ్యో రోజు ఇదే.

గజశాల వెనక వాకిట్లో గడ్డిమోపు దించి మాచక్క నుదుటి చెమట తుడుచుకుంది. చిరుగుల చీర, మోకాళ్ళదాకా బురద, కొప్పులో రెండు గడ్డిపరకలు. చూసినవారెవరైనా గడ్డి కోసి మోసే కూలిమనిషే అనుకుంటారు. నిజానికి ఆమె కమ్మరి నాగోజు కూతురు. తండ్రితోపాటు పదేళ్ళుగా సమ్మెట పట్టిన మనిషి. పన్నెండు రోజుల కిందట కపిలాక్షుడు నాగోజును పిలిపించి పట్టపుటేనుగు నెత్తికి ఇత్తడి కవచం ఒకటి చేయించాడు. కవచం అందించడానికి కోటలోకి వెళ్ళిన నాగోజు తిరిగి రాలేదు. మూడో నాటికి ముసలి మావటి బయ్యన్న దొంగచాటుగా వచ్చి ఆ కవచం ఏనుగును ఏం చేస్తోందో చెప్పాడు. ఆనాటి నుంచీ మాచక్క ఈ వేషంలో గజశాల చుట్టూ తిరుగుతోంది.

"ఎవరూ లేరు, రా అమ్మీ," అని బయ్యన్న లోపలి నుంచి పిలిచాడు.

అంజనం అన్నది ఆ ఏనుగు పేరు. కాటుకకొండ లాంటి ఒళ్ళు, నేల తాకే తొండం, వెన్నపూసినట్టు నున్నని దంతాలు. యుద్ధంలో మూడు కోటతలుపులు పగలగొట్టిన ఏనుగు అది. ఇప్పుడు తల వేలవేసుకుని, కట్టుకొయ్యకు ఆనుకుని, సన్నగా వణుకుతోంది. నెత్తిన బంగారుపూత కవచం ధగధగలాడుతోంది. దాని కింది నుంచి రెండు చెవుల వెనకా ఎండిన నెత్తురు చారలు.

"నాలుగు రోజులైంది మేత కవళం ముట్టి," అన్నాడు బయ్యన్న.  "వాడు కోటలో కూర్చుని ఉంగరం తిప్పితే ఇది ఇక్కడ మోకాళ్ళ మీద పడుతోంది. కుడికి తిప్పితే కుడికి, ఎడమకు తిప్పితే ఎడమకు. ముప్పయ్యేళ్ళు నా చేత్తో తినిపించాను. నా ముఖం కూడా చూడట్లేదు తల్లీ."

కవచం లోపల రెండు ముళ్ళున్నాయి. అవి కపిలాక్షుడు మంత్రించి తెచ్చినవి. వాటిని నెత్తికి అదిమి పట్టి ఉంచేది ఒక ఇనుప పట్టీ. ఆ పట్టీ కొసలను చెవి వెనక ఒక్కొక్క మరతో, అంటే తిప్పి దించే మేకుతో, బిగించారు. బిగించాక ఇత్తడి అంచును వాటి మీదికి వంచేశారు. పట్టీని నరుకుదామంటే సుత్తి దెబ్బకు ముళ్ళు లోపలికి దిగి ఏనుగు ప్రాణం పోతుంది. మరలను మెల్లగా తిప్పి తీయడం ఒక్కటే దారి.

మాచక్క మోకాలెత్తున్న దిమ్మె ఎక్కి చెవి వెనక చెయ్యి దూర్చింది. అంచుకూ చెవి మొదలుకూ నడుమ రెండు వేళ్ళ సందు. అడుగున మర తల, దాని మీద తన తండ్రి ఆకురాయితో కోసిన గాడి వేలికి తగిలాయి. తండ్రి చేతిపని ఆమెకు తెలుసు. ఒక్క క్షణం కళ్ళు చెమర్చాయి. ఇంటి నుంచి తెచ్చిన మర తిప్పే ఉలి తీసి లోపలికి పెట్టబోయింది. జానెడు ఉలి నిటారుగా నిలవడానికి అక్కడ చోటు లేదు. ఏటవాలుగా పెడితే గాడిలో కూర్చోదు. పిడి ఊడదీసి ముక్కను వేళ్ళతో పట్టుకుని తిప్పింది. వేళ్ళు జారాయి, ముక్క పోయి పుండులో గుచ్చుకుంది.

అంజనం ఘీంకరించి తల విసిరింది. మాచక్క ఎగిరి గోడకు కొట్టుకుని కిందపడింది. బయ్యన్న పరుగెత్తుకొచ్చి లేవనెత్తాడు.

"ఇక వద్దమ్మీ. దాని చేతిలో పోతావు."

"ఇది తీయకపోతే ఆ దండ ఎవడి మెడలో పడుతుందో తెలుసా తాతా?"

తెలుసు. కపిలాక్షుడి శిష్యుడు వజ్రమాలి నిన్ననే నగరంలోకి వచ్చాడు. ఒంటికి విభూతి పూసుకుని, యాత్రికుడి వేషం వేసుకుని సత్రంలో దిగాడు. వాడు గద్దెనెక్కితే తామ్రగిరిలో ప్రతి గడపా కపిలాక్షుడి హోమగుండానికి సమిధే.

"నిటారు ఉలి పనికిరాదు," అంది మాచక్క భుజం నొక్కుకుంటూ. "మెడ వంచినది కావాలి. కొలిమి కావాలి."

"కొలిమి ఎక్కడిదే? వెలిగిస్తే చేతులు తీస్తారు."

ఆమె కళ్ళు వాకిట్లో వెతికాయి. ఏనుగులకు ఉలవలు ఉడికించే గాడిపొయ్యి మండుతోంది. దాని మీద గంగాళాలు కుతకుతలాడుతున్నాయి. కపిలాక్షుడి చాటింపు కొలిములకే గాని పొయ్యిలకు కాదు.

"బొగ్గులన్నీ ఒక మూలకు తోసి, ఊదుగొట్టాలు రెండు తెచ్చిపెట్టు. ఆ పాత అంకుశం ఒకటుంది కదా, అది కూడా."

బయ్యన్న తన ముప్పయ్యేళ్ళ అంకుశాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి చూసుకున్నాడు. మరుమాట లేకుండా ఇచ్చేశాడు.

మాచక్క నేలకు బోర్లా పడుకుని ఊదింది. దవడలు నొప్పి పుట్టేదాకా, కళ్ళ ముందు చీకట్లు కమ్మేదాకా ఊదింది. చాలాసేపటికి ఇనుము పొద్దుగూకే సూర్యుడి రంగు తిరిగింది. గొలుసులు బిగించే ఇనుప దిమ్మే దాగలి, కొయ్యలు దిగగొట్టే సుత్తే సమ్మెట. బయట కావలివాళ్ళకు ఆ చప్పుడు వినపడకుండా బయ్యన్న ఉత్సవపు గంటలు తోముతున్నట్టు వాయిస్తూ కూర్చున్నాడు. ఆమె అంకుశం ముక్కు తెగ్గొట్టి, జానెడు కడ్డీ మిగిల్చి, ఒక కొసను బొటనవేలంత మేర కిందికి వంచి, చివర చదునుగా సాగగొట్టింది. ఏనుగు కాలిగోళ్ళు రుద్దే ఇసుకరాయి మీద అరగదీసి పదును తెచ్చింది. ఏనుగు పాదాలకు రాసే ఆముదంలో ముంచి గట్టిపరిచింది.

వంగిన కొస సందులోకి సులువుగా దూరింది. గాడిలో ఠక్కున కూర్చుంది. మాచక్క ఊపిరి బిగబట్టి కడ్డీని తిప్పింది. మర కదిలింది!

కదిలి, పావుచుట్టులో ఆగిపోయింది. కడ్డీ చెవి మొదలుకు తగిలి ఇక జరగనంది. ఆమె దాన్ని బయటికి తీసి, మొదటి చోటికి తెచ్చి మళ్ళీ పెట్టింది. ఈసారి గాడి అందలేదు. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

"ఏమైంది?" అన్నాడు బయ్యన్న.

మాచక్క దిమ్మె మీద కూలబడి ఆ కడ్డీని విసిరికొట్టబోయింది. ఎండ అప్పటికే గజశాల కప్పు దాటి వాకిట్లోకి దిగింది. దూరాన కోటలో మొదటి భేరి మోగింది.  ఇంకా రెండు భేరులు మోగితే ఏనుగు బయటికి వెళుతుంది.

ఏం జరిగిందో కళ్ళతో చూడలేదు కనుక మళ్ళీ వేలితో తడిమింది. ఇందాక చెవి వైపు చూసిన గాడి ఇప్పుడు అడ్డంగా తిరిగి ఉంది. కడ్డీ ఉండగలిగే చోటు ఒక్కటే. దాని నోరు, అంటే చదును చేసిన కొస, మాత్రం నిలువుగానే ఉంది. నిలువునోటికి అడ్డగాడి ఎలా అందుతుంది?

వేలు గాడి మీదే ఉండిపోయింది. ఆమె పెదవులు కదిలాయి.

"నిలువుకు ఒక నోరు... అడ్డానికి ఇంకో నోరు..."

"ఏంటమ్మీ?"

"తాతా! ఈ కడ్డీకి రెండో కొస ఖాళీగానే ఉంది కదా!"

ఆమె ఒక్క దూకుతో పొయ్యి దగ్గరికి చేరింది. రెండో కొసను కూడా అలాగే వంచింది. దాని నోటిని మాత్రం కడ్డీకి అడ్డంగా సాగగొట్టింది. ఆముదంలో ముంచితే పొగ గుప్పుమని లేచింది. చల్లారేదాకా ఆగే ఓపిక లేక తడిగడ్డి చుట్టి పట్టుకుంది. అరచేతులు చుర్రుమన్నాయి.

నిలువునోటితో పావుచుట్టు. తీసి తిరగేసి, అడ్డంనోటితో పావుచుట్టు. మళ్ళీ తిరగేసి ఇంకో పావు. పద్దెనిమిది సార్లు తిప్పేసరికి కుడిచెవి వెనక మర ఊడి ఆమె అరచేతిలో పడింది. చూపుడువేలంత ఇనుపముక్క, కొసన నెత్తురు. అంజనం పెద్దగా నిట్టూర్చింది. నాలుగు రోజుల తరువాత తొలిసారిగా తొండం చాచి బయ్యన్న భుజాన్ని తడిమింది. ముసలివాడు దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ సంతోషం నిమిషం నిలవలేదు. బయట కావలివాళ్ళు బల్లేలు నేలకు తాటించిన చప్పుడు వినబడింది.

"ఇనుము కాలిన వాసన వస్తోందేం?"

కపిలాక్షుడు వాకిట్లో నిలబడి ఉన్నాడు.

మాచక్క మరను తిరిగి దాని చోట పెట్టి, వేళ్ళతో ఒక్క చుట్టు బిగించి, కడ్డీని గడ్డిమోపులోకి తోసి, తల వంచుకుని నిలబడింది. కపిలాక్షుడు తొందర లేకుండా లోపలికి వచ్చాడు. గాడిపొయ్యి వైపు చూశాడు, ఆముదపు కుండ వైపు చూశాడు, చివరికి ఆమె దగ్గర ఆగాడు.

"ఎవతెవు నువ్వు?"

"గడ్డిదాన్ని సామీ."

"అరచేతులు చూపు."

 కొడవలి పట్టినచేతికీ సమ్మెట పట్టినచేతికీ కాయలు ఒకచోట కాయవు. పైగా ఇప్పుడే పొక్కిన బొబ్బలు. చేతులు మెల్లగా ముందుకు చాచింది. కపిలాక్షుడు వంగబోతుండగా బయ్యన్న కర్ర గాలిలో లేచి ఆమె వీపు మీద ఛెళ్ళున పడింది.

"చెప్తే వినవటే! ఉలవల గంగాళం ఉత్త చేతుల్తో దింపద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! గంగాళమంతా మాడబెట్టి, చేతులు కాల్చుకుని, దొరగారి ముందు నిలబడతావా? పో అవతలికి!" ఇంకో దెబ్బ వేశాడు. ఆ దెబ్బకు నిజంగానే ఆమె కళ్ళవెంట నీళ్ళు తిరిగాయి. తూలుతూ గడ్డిమోపు మీద పడింది.

కపిలాక్షుడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరువాత ఉంగరాన్ని కొద్దిగా తిప్పాడు. అంజనం మూలిగి ముందరికాళ్ళు మడిచింది. ఎడమవైపు ముల్లు ఇంకా పనిచేస్తోంది. అతడి ముఖంలో అనుమానం కరిగింది.

"ఇక భేరుల కోసం చూడనక్కరలేదు. అలంకరించి ఇప్పుడే బయలుదేరదీయండి. మావటీ, నువ్వు నాతో రా. ఏనుగు పని పూర్తయ్యేదాకా నా కళ్ళ ముందే ఉండాలి."

నలుగురు భటులు జరీపూల జూలు తెచ్చి ఏనుగు మీద పరిచారు. మెడ మీద నుంచి మోకాళ్ళదాకా వేలాడే ఎర్రపట్టు అది. దండ తెచ్చే పూజారి కోసం వాళ్ళు వాకిలి వైపు తిరిగారు. బయ్యన్న వెళ్ళిపోతూ వెనక్కి చూశాడు. అతడి కళ్ళు ఆమెను ఆగమన్నాయి. మాచక్క కడ్డీని పళ్ళ నడుమ కరిచి, అంజనం వెనకకాలి మీదుగా పాకి, జూలు కిందికి దూరిపోయింది.

ఆ పట్టు కింద ఉడుకెత్తే చీకటి. ఏనుగు నడక మొదలైంది. కొండ నడుస్తున్నట్టుంది. శంఖాలు, కొమ్ములు, జయజయధ్వానాలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. మాచక్క పొట్ట మీద అంగుళం అంగుళం పాకుతూ మెడ దగ్గరికి చేరింది. కుడివైపు మరను మొదట వేళ్ళతో ఊడదీసి నడుముకు దోపుకుంది. ఎడమ చెవి వైపు వంగి తడిమి గాడి పట్టుకుంది.

నిలువు. తిరగేసి, అడ్డం. అడుగు పడినప్పుడల్లా కడ్డీ గాడిలోంచి తప్పుకుంటోంది. చెమటతో చేతులు జారుతున్నాయి. పగిలిన బొబ్బలు మంట.

కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కూడలి వచ్చింది. వేలమంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారని చూడకుండానే తెలిసింది. అంజనం ఆగి, వణికి, ఎడమకు తిరిగింది. కపిలాక్షుడు ఉంగరం తిప్పుతున్నాడన్నమాట. ఒక అడుగు, మరో అడుగు. జూలు అంచు కింది నుంచి ఆమెకు విభూతి పూసిన రెండు పాదాలు కనబడ్డాయి. వజ్రమాలి!

పదకొండు. పన్నెండు. తొండం పైకి లేస్తోంది. పదమూడో పావుచుట్టుకు ఏనుగు తల విదిలించింది. కడ్డీ ఆమె చేతిలోంచి ఎగిరిపోయి ఎక్కడో రాళ్ళ మీద ఖంగుమంది.

మాచక్కకు ఏడవడానికి కూడా వ్యవధి లేదు. వేళ్ళు లోపలికి దూర్చింది. మర సగానికి పైగా బయటికి వచ్చింది. దాని తలను గోళ్ళతో పట్టి తిప్పింది. గోరు విరిగింది. మరో వేలు పెట్టింది. మర నెత్తుటి తడికి జారి, తిరిగి, జారి, మళ్ళీ తిరిగి, ఉన్నట్టుండి వదులై రాలిపోయింది.

ఇనుప పట్టీ విల్లులా విడివడింది. కవచం ఏనుగు నెత్తి మీది నుంచి దొర్లి వజ్రమాలి పాదాల ముందు పెద్ద మోతతో పడి వెల్లకిలా తిరిగింది. లోపలి ముళ్ళు రెండూ నల్లటి నెత్తుటితో జానెడేసి పొడుగు నిలబడి ఉన్నాయి. జనమంతా చూశారు. ముందు వరసలోని ముసలామె ఒకతె, "అయ్యో, నోరులేని దాన్ని ఎంత హింస పెట్టార్రా!" అని గుండెలు బాదుకుంది. ఆ కేకతో కూడలి అంతా హోరెత్తింది.

అంజనం చెవులు చాచి నిలబడింది. దండ ఇంకా తొండంలోనే ఉంది. వజ్రమాలి ముఖం పాలిపోయి వెనక్కి వెనక్కి జరిగి జనంలో కలిసిపోయాడు.

"దిగు!" కపిలాక్షుడి గొంతు ఉరిమింది. జూలు జారిపోయి మాచక్క అందరికీ కనబడుతోంది. "నాగోజు కూతురివి కదూ? నీ తండ్రి ప్రాణాలతోనే ఉన్నాడు. దిగకపోతే సాయంత్రానికి ఉండడు."

ఆమె దిగబోయింది. కానీ అప్పటికే అంజనం కదిలింది. ఎవరి వైపూ చూడకుండా జనం మధ్య నుంచి పడమటి ద్వారం వైపు నడక సాగించింది. జనం రెండు పాయలుగా విడిపోయారు. ద్వారపాలకులు బల్లేలు అడ్డం పెట్టబోయి, తొండంలో దండ చూసి దించేశారు. మాచక్క దాని నెత్తి నిమిరింది, చెవి లాగింది, ఆగమని బతిమాలింది. ఏనుగును ఆపే విద్య ఆమెకు రాదు. ఆపగలిగిన అంకుశాన్ని తన చేతులతోనే విరగ్గొట్టింది.

"తిరిగి చూడకు తల్లీ!" వెనక బయ్యన్న కేక. "మోకాళ్ళతో మెడ గట్టిగా పట్టుకో! అది ఎటు పోతే అటు..." ఆ మాట మధ్యలోనే తెగిపోయింది. ఆమె తిరిగి చూసింది. జనం తలల నడుమ ముసలివాడి తలపాగా ఎక్కడా కనబడలేదు.

ద్వారం దాటాక అంజనం పరుగందుకుంది. జొన్నచేలు, తుమ్మతోపులు, ఎర్రమట్టి దిబ్బలు వెనక్కి పోయాయి. నగరపు బురుజులు దూరాన చిన్నవైపోయాయి. పొలిమేర దాటిన ఏనుగుకు కట్టుబాటు రక్షణ ఉందో లేదో ఎవరూ తేల్చలేదు. కపిలాక్షుడు తేల్చుకున్నట్టున్నాడు. వెనక దుమ్ము లేచింది. అందులోంచి ముప్పైమంది నల్లముసుగుల రౌతులు బయటపడ్డారు. మొదటి బాణం ఆమె భుజం పక్కనుంచి ఈలవేసుకుంటూ పోయింది.

ఎదుట శోణనది. పైన కొండల్లో వానలు కురిసి ఎర్రగా, సుడులు తిరుగుతూ, ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. అవతలి గట్టు నీలకంధర రాజ్యం. ఇరవయ్యేళ్ళుగా తామ్రగిరికి బద్ధశత్రువు. మాచక్క వద్దు వద్దంటూ అరుస్తుండగానే అంజనం నీళ్ళలోకి దిగింది. నడుంలోతు, మెడలోతు, తరువాత అడుగే అందలేదు. దాని ఒళ్ళంతా మునిగిపోయింది. నెత్తి, ఆ నెత్తిని కరుచుకున్న మాచక్క, ఆకాశంలోకి నిలిపిన తొండం, దాని కొసన తడవని పూలదండ మాత్రమే నీటి పైన ఉన్నాయి. రౌతులు గట్టున ఆగి విల్లులు ఎక్కుపెట్టారు. బాణాలు చుట్టూ చిటపట రాలాయి. ఒకటి అంజనం వీపులో దిగింది. అది మూలగలేదు.

అవతలి గట్టు ఇసుకలో ఏనుగు కాళ్ళు తగిలేసరికి అక్కడ రెల్లుపొదల్లోంచి నీలివస్త్రాల విలుకాండ్రు వందమంది లేచి నిలబడ్డారు. వారి నాయకుడు నెరిసిన మీసాలవాడు, ఒంటికన్నువాడు. అతడు మూడు కోటతలుపులు పగలగొట్టిన ఏనుగును గుర్తుపట్టాడు. ఆ తలుపుల్లో రెండు అతడి రాజ్యానివే.

"కదలకు!" అన్నాడు. వంద వింటినారులు ఒక్కసారే చెవులదాకా లాగిన చప్పుడైంది. "ఎవతెవు నువ్వు? ఎవరు పంపారు నిన్ను?"

మాచక్క వెనక్కి చూసింది. ఆ గట్టున నల్లముసుగులు, వాటి వెనక తామ్రపురిలో తన తండ్రి, బయ్యన్న. ముందుకు చూసింది. ఒంటికన్ను, వంద బాణాలు. తడిసిన జుట్టు ముఖం మీది నుంచి తోసుకుని, విరిగిన గోళ్ళ చేతిని పైకెత్తి తొండం వైపు చూపించింది.

"నేను కమ్మరి నాగోజు కూతుర్ని. నన్నెవరూ పంపలేదు," అంది. "తామ్రగిరి సింహాసనం ఇప్పుడు ఈ ఏనుగు తొండంలో ఉంది. కొడితే కొట్టండి."

ఒంటికన్నువాడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాడు. అంజనం ఒడ్డు మీదికి ఎక్కి, వీపున గుచ్చుకున్న బాణంతోనే, వంద విల్లుల నడుమకు నడవడం మొదలుపెట్టింది.